ముందు రక్తం తీయండి, తర్వాత మందు ఇవ్వండి

ఒంట్లోని క్రిములను అణచిన తొలితరం మందులైన సల్ఫా గురించి ఎవరు రాసినా ఇద్దరు అమెరికా అధ్యక్షుల కొడుకుల దగ్గరే మొదలుపెడతారు. 1924 జూన్ 30న కాల్విన్ కూలిడ్జ్ చిన్నకొడుకు వైట్‌హౌస్ ఆవరణలో మేజోళ్లు లేకుండా బూట్లు తొడుక్కుని టెన్నిస్ ఆడాడు. తండ్రి పేరే పెట్టుకున్న ఆ కుర్రవాడికి పదహారేళ్లు. కాలివేలి మీద బొబ్బ లేచింది. అందులోని క్రిమి రక్తంలోకి ఎక్కింది. జూలై 7న చనిపోయాడు. దేశాధ్యక్షుడి కొడుక్కి అందని వైద్యం ఏముంటుంది? అయినా వైద్యులు చేయగలిగింది ఏమీ లేకపోయింది. 1936 డిసెంబరులో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కొడుక్కి సైనస్, గొంతు ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చింది. బోస్టన్‌లో డాక్టర్ జార్జ్ టోబీ ఒక కొత్త జర్మన్ మందు వాడారు. కుర్రవాడు కోలుకున్నాడు, పత్రికలు పెద్ద అక్షరాలతో రాశాయి. పన్నెండేళ్ల తేడాలో ఒకరు పోయారు, ఒకరు దక్కారు, మధ్యలో వచ్చింది సల్ఫా అని కథ ముగిస్తారు.

చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ పోలికతో నాకు పేచీ ఉంది. కాల్విన్ రక్తంలో పెరిగింది స్టాఫిలోకాకస్. రూజ్‌వెల్ట్ కొడుకును పట్టుకున్నది స్ట్రెప్టోకాకస్. తొలి సల్ఫా మందు స్ట్రెప్టోకాకస్‌ను అణచినట్లుగా స్టాఫిలోకాకస్‌ను అణచలేదు. అది పన్నెండేళ్లు ముందే వచ్చి ఉన్నా కాల్విన్ బతికేవాడని ఎవరూ పూచీ పడలేరు. రెండు వేర్వేరు క్రిముల పనికి ‘రక్తం విషమైంది’ అని ఒకే పేరు పెట్టి, ఒకే మందు చాలుననుకోవడం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. నేను ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేస్తాను. ఇలా అనుకోవడం వల్ల జరిగే నష్టం నాకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు.

సల్ఫా తొలిరోజుల చరిత్రను నేను మరోలా చదువుతాను. ఫలానా క్రిమి అని తేల్చుకుని, ఎవరికి ఎంత ఇచ్చారో, ఎవరు బతికారో, ఎవరు పోయారో రాసుకుంటూ ఇచ్చిన చోట ఆ మందు ప్రాణాలు నిలిపింది. తేల్చుకోకుండా పంచిపెట్టిన చోట చేజారిపోయింది. మందు కొత్తదైనంత మాత్రాన చాలలేదు.

మనిషికి ఇచ్చిన తొలి సందర్భాల్లో ఒకటి చూడండి. 1933లో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో పది నెలల పసివాడికి రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకింది. ఇక ఆశ లేదనుకున్న దశలో ఫర్‌స్టర్ అనే వైద్యుడు ఇంకా బజారులోకి రాని ఎర్రటి మాత్రలు ఇచ్చారు. పిల్లవాడు లేచి కూర్చున్నాడు. ఆ పిల్లవాడిలో ఉన్నది కూడా స్టాఫిలోకాకసే! ఆ మందు ఏ క్రిమి మీద బలహీనమని తర్వాత తేలిందో, దాని తొలి విజయం ఆ క్రిమి మీదే. మందు వల్లే బతికాడా, శరీరమే గట్టెక్కించిందా? ఒక్క పసివాడిని చూసి ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్క కేసునే నమ్ముకుని ఉంటే వైద్యం తప్పుదారి పట్టేది. ‘మా వాడికి ఫలానా ఇంజెక్షన్ ఇస్తే లేచి కూర్చున్నాడు’ అని ఇప్పుడు మనం చెప్పుకునే మాటల బరువు కూడా అంతే.

ప్రోంటోసిల్ అనే ఆ ఎర్రటి మందును, అంటే తొలి సల్ఫాను, తేల్చినవారు జర్మన్ వైద్యుడు గెర్హార్డ్ డొమాక్. మొదటి ప్రపంచయుద్ధంలో వైద్య విద్యార్థిగా ఉండగానే సైన్యంలో చేరి గాయపడ్డారు, ఆ తర్వాత తూర్పు రంగంలో వైద్య సహాయకుడిగా పనిచేశారు. శస్త్రచికిత్స చక్కగా జరిగిన సైనికులు కూడా ఆ తర్వాత గాయాలు కుళ్లి చనిపోవడం అక్కడే చూశారు. 1927లో ఎల్బర్‌ఫెల్డ్‌లోని బేయర్ ప్రయోగశాలకు వచ్చారు. యోసెఫ్ క్లారర్, ఫ్రిట్జ్ మీచ్ అనే రసాయన శాస్త్రవేత్తలు వరసగా కొత్త అద్దకపు రంగులు తయారు చేసి ఇస్తుంటే, ఆయన వాటిని క్రిమి సోకిన చిట్టెలుకలకు ఇచ్చి చూసేవారు. అందుకు ఎంచుకున్న స్ట్రెప్టోకాకస్ ఒక రోగి ప్రాణం తీసిన జాతి. ఎలుకకు ఎక్కిస్తే కొద్దిరోజుల్లో చంపి తీరుతుంది. తీరుతుంది కనుకనే, బతికిన ఎలుక మందు వల్లే బతికిందని చెప్పవచ్చు. 1932 డిసెంబరులో 26 ఎలుకలకు ఆ క్రిమిని ఎక్కించారు. మందు ఇవ్వని 14 చనిపోయాయి. మందు ఇచ్చిన 12 బతికాయి.

పరీక్షనాళికలో ఈ రంగు స్ట్రెప్టోకాకస్‌ను ఏమీ చేయలేదు. గాజు గొట్టంలో మాత్రమే పరీక్షించి ఉంటే ప్రోంటోసిల్ ఆ రోజే చెత్తబుట్టలో పడేది. ఎందుకలా జరిగిందో ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ట్రెఫుయెల్ దంపతులు, నిట్టి, బోవే 1935లో తేల్చారు. శరీరంలో ఆ రంగు రెండుగా విడిపోతుంది, అందులో రంగులేని ముక్కే పని చేస్తుంది. ఆ ముక్క పేరు సల్ఫనిలమైడ్. వియన్నాలో పాల్ గెల్మో అనే విద్యార్థి తన పరిశోధన కోసం 1908లోనే దాన్ని తయారు చేశాడు. అంటే మొదటి ప్రపంచయుద్ధం సాగినన్నాళ్లూ, గాయాలు కుళ్లి లక్షలమంది సైనికులు చనిపోతున్నన్నాళ్లూ ఆ పదార్థం రంగుల పరిశ్రమ చేతిలోనే ఉంది. దాన్ని క్రిమి సోకిన ప్రాణికి ఇచ్చి చూద్దామని ఎవరికీ తోచలేదు. మందు ఉండటానికీ, అది మందని తెలియడానికీ మధ్య ఇరవై ఏడేళ్లు గడిచాయి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

నా దృష్టిలో ఈ కథకు నాయకుడు డొమాక్ కాదు, లండన్‌లోని వైద్యుడు లెనార్డ్ కోల్‌బ్రుక్.

కోల్‌బ్రుక్ పోరాటమంతా బాలింత జ్వరం మీద. ప్రసవమైన రెండు మూడు రోజులకు చలితో జ్వరం వస్తుంది. పొత్తికడుపు ముట్టుకోనివ్వదు. స్ట్రెప్టోకాకస్ గర్భాశయపు పచ్చిగాయం నుంచి రక్తంలోకి ఎక్కితే కొద్దిరోజుల్లో తల్లి పోతుంది, పసిబిడ్డ మిగులుతుంది. మన ఇళ్లలో ముత్తవ్వల తరంలో ఇలా పోయినవారి పేర్లు ఒకటో రెండో ప్రతి కుటుంబంలోనూ వినిపిస్తాయి. బాలింత సన్నిపాతం అని చెప్పుకునేవారు. అది పేదదేశాల జబ్బు మాత్రమే కాదు. 1930ల మధ్యవరకు ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రతి వెయ్యి ప్రసవాలకు సుమారు నలుగురు తల్లులు ఏదో ఒక కారణంతో చనిపోతుండేవారు. ఆ మరణాలకు పెద్ద కారణాల్లో ఈ జ్వరం ఒకటి. మిగిలిన అంటువ్యాధుల మరణాలు తగ్గుతూ వచ్చినా దశాబ్దాలపాటు ఈ లెక్క దాదాపు అక్కడే నిలిచిపోయింది.

లండన్‌లోని క్వీన్ షార్లట్స్ ప్రసూతి ఆసుపత్రి బాలింత జ్వరం వచ్చినవారి కోసం విడిగా ఒక వార్డు కట్టి, దానికి ఆనుకునే ప్రయోగశాల పెట్టింది. దాని బాధ్యత కోల్‌బ్రుక్ తీసుకున్నారు. సల్ఫా పేరు కూడా వినకముందు ఆయన ఏం చేస్తున్నారో చూడండి. వచ్చిన ప్రతి బాలింత నుంచీ నమూనా తీసి ఏ క్రిమో కల్చర్ చేసి, అంటే దాన్ని ల్యాబులో పెంచి చూసేవారు. రక్తంలో పెరుగుతున్నదా లేదా అని విడిగా చూసేవారు. ఆయన చెల్లెలు డోరా కోల్‌బ్రుక్ కూడా బ్యాక్టీరియాలజిస్టే. తల్లిలో దొరికిన స్ట్రెప్టోకాకస్ ఎవరి నుంచి వచ్చిందని వెదుకుతూ వెళ్లి, చాలా సందర్భాల్లో అది ప్రసవం చేసినవారి గొంతు, ముక్కుల నుంచి, లేదా ఇంట్లోవారి నుంచి వచ్చినదని ఆమె చూపించారు. కోల్‌బ్రుక్ 1933లో మాక్స్‌టెడ్‌తో కలిసి చేతుల మీద ఈ క్రిమి ఎంతసేపు బతుకుతుందో, ఏ ద్రావణం దాన్ని చంపుతుందో కొలిచారు. అప్పుడు పరీక్షకు నిలిచినది ఈనాటికీ మన ఇళ్లలో ఉండే డెట్టాల్. మాస్కులు, చేతి తొడుగులు, విడి గదులు అన్నీ అప్పటికే ఆ వార్డులో ఉన్నాయి.

అంతకుముందు ఆయన ఆర్సెనిక్ మందులతో ఇదే జ్వరాన్ని తగ్గించాలని చూసి విఫలమయ్యారు. అందుకే 1935లో జర్మన్ పత్రికలో డొమాక్ వ్యాసం వచ్చినప్పుడు ఎగిరి గంతేయలేదు. మందు తెప్పించి, ముందు తన ఎలుకల మీదే పరీక్షించారు. ఆ తర్వాతే, 1936 తొలినెలల్లో, మేవ్ కెన్నీతో కలిసి బాలింతలకు ఇవ్వడం మొదలుపెట్టారు. ముదురు ఎరుపు ద్రవం ఇంజెక్షన్‌గా, మాత్రలు నోటిద్వారా. రోగుల మూత్రం ఎర్రగా వచ్చేది, ఒళ్లు ఎర్రబారేది. కొందరిలో పెదవులు నీలం తిరిగేవి. అన్నీ రాసుకున్నారు. 1936 జూన్‌లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో 38 మంది లెక్క ప్రకటించారు. ముగ్గురు చనిపోయారు. అదే వార్డులో అంతకుముందు ప్రతి నలుగురైదుగురిలో ఒకరు పోయేవారు. ఆ ఏడాది చివరికి మొత్తం 64 మందికి ఇచ్చారు. చనిపోయినవారి సంఖ్య ముగ్గురి దగ్గరే ఆగింది.

ఇంతటి ఫలితం చేతిలో పెట్టుకుని ఆయన రాసిన తీరే నన్ను పట్టేసింది. ఇదంతా మందు మహిమేనని చాటలేదు. ఈమధ్య స్ట్రెప్టోకాకస్ తీవ్రతే తగ్గి ఉండవచ్చు, మరణాలు తగ్గడంలో దాని వాటా కూడా ఉండవచ్చు అని తన గెలుపు మీద తానే అనుమానం వ్యక్తం చేశారు. ఆ అనుమానంలో నిజం ఎంతో చరిత్రకారులు ఈనాటికీ చర్చిస్తున్నారు. ఆయన అలా అనగలిగారంటే, మందు రాకముందు ఏళ్ల తరబడి రాసిపెట్టిన లెక్క ఆయన దగ్గర ఉండబట్టే. పాత లెక్క లేనివారికి కొత్త మందు పని చేసిందో లేదో ఎప్పటికీ తెలియదు. సల్ఫా మాత్ర ఆ వార్డులోకి రావడం అందరి అదృష్టం. క్రిమి పేరు, మరణాల చిట్టా లేని మరో వార్డులోకి ముందుగా వచ్చి ఉంటే ఇంత త్వరగా, ఇంత గట్టిగా ఎవరూ నమ్మేవారు కారు.

లెక్క లేని చోట ఏం జరిగిందో ఆ మరుసటి ఏడాదే తెలిసింది. 1937లో అమెరికాలో మాసెంగిల్ అనే కంపెనీ పిల్లలు తాగడానికి వీలుగా సల్ఫనిలమైడ్‌ను తియ్యటి ద్రవరూపంలో తెచ్చింది. కరిగించడానికి వాడినది డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రవం. రుచి, వాసన, రంగు చూశారు కానీ ఒక్క జంతువుకైనా పట్టించి చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు, వారిలో సుమారు మూడోవంతు పిల్లలు. బజారులోకి వచ్చే ముందు మందు సురక్షితమని నిరూపించాలనే చట్టం 1938లో వచ్చింది. అదే గ్లైకాల్ 1986లో ముంబయి ఆసుపత్రిలో రోగులను చంపింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగిన పసిపిల్లలను చంపింది. దీన్ని ప్రమాదమనడానికి నాకు నోరు రాదు. సీసాలో ఏముందో చూసే పరీక్ష దశాబ్దాలుగా ఉంది, చేయలేదంతే.

రెండో దెబ్బ మెల్లగా తగిలింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నౌకాదళ శిక్షణ శిబిరాల్లో గొంతు ఇన్ఫెక్షన్లు రాకుండా ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకే రోజూ సల్ఫాడయాజిన్ ఇచ్చారు. మొదట కేసులు బాగా తగ్గాయి. కొద్దికాలానికే ఆ మందుకు లొంగని స్ట్రెప్టోకాకస్ జాతులు శిబిరాల్లో పాకాయి. సెగవ్యాధి క్రిమి కూడా అదే దశాబ్దంలో సల్ఫాకు అలవాటు పడిపోయింది. కోల్‌బ్రుక్ వార్డులో తల్లుల్ని నిలిపిన మందుకు పదేళ్లు తిరక్కుండానే ఈ గతి పట్టింది.

ఇక్కడ మన వాడి ప్రస్తావన తేవాలి, బలవంతపు చుట్టరికం ఏమీ కాదు. సల్ఫా క్రిమిని ఎలా అణుస్తుందో 1940లో ఇంగ్లండ్‌లో వుడ్స్, ఫిల్డ్స్ కొంత విప్పారు. పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం అనే పదార్థం క్రిమికి అవసరం. సల్ఫా దానిలాగే కనిపించి దాని చోటు ఆక్రమిస్తుంది. ఆ పదార్థం క్రిమికి ఎందుకంత అవసరమన్నది తేలడానికి మరి కొన్నేళ్లు పట్టింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945–46లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసి, దాని నిర్మాణం తేల్చింది. అందులో ఒక భాగం ఆ పారా అమైనో బెంజోయిక్ ఆమ్లమే! క్రిమి ఫోలిక్ ఆమ్లాన్ని తనే వండుకోవాలి, మనకు అది తిండిలోనే దొరుకుతుంది. కాబట్టి ఆ వంటను ఆపే మందు క్రిమి ఎదుగుదలను ఆపుతుంది, మనిషిని వదిలేస్తుంది. ఆయన కూడా డొమాక్ పుట్టిన 1895లోనే పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో సోదరులను పోగొట్టుకున్న మనిషి. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థాలు ఆయన బృందం నుంచి రాగా, 1947–48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటితో పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలమైనా వెనక్కు నెట్టగలిగారు. మందు ఎక్కడ, ఎందుకు పని చేస్తుందో తెలుసుకోవడం వల్ల వచ్చిన ఫలమది.

ఇప్పుడు నా ల్యాబు సంగతి. బ్లడ్ కల్చర్ అంటే పెద్ద యంత్రాంగమేమీ కాదు. చేతి మీద చర్మాన్ని మందుతో తుడిచి, అది ఆరేవరకు ఆగాలి. ఆగకపోతే చర్మం మీది క్రిమే సీసాలోకి వెళ్లి మమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. పెద్దవాళ్లలో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పడాలి. రెండు వేర్వేరు చోట్ల నుంచి తీస్తే మంచిది. సీసాలో క్రిమికి నచ్చే ఆహారద్రవం ఉంటుంది. యంత్రం దాన్ని ఒంటి వేడిలో ఉంచి, క్రిమి పెరిగితే సంకేతం ఇస్తుంది. చాలా క్రిములు ఒకటి రెండు రోజుల్లోనే బయటపడతాయి. వెంటనే ఒక చుక్క గాజుపలక మీద వేసి, రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో చూస్తాను. గొలుసులా కనిపిస్తే స్ట్రెప్టోకాకస్. గుత్తులుగా కనిపిస్తే స్టాఫిలోకాకస్. ఆ క్షణంలోనే వార్డుకు ఫోను చేస్తాం. ఏ మందుకు లొంగుతుందో ఆ తర్వాతి రోజుకు చెబుతాం. కాల్విన్‌కూ రూజ్‌వెల్ట్ కొడుక్కీ ఉన్న తేడా ఆ గాజుపలక మీద కళ్లకు కడుతుంది.

కానీ మా దగ్గరికి వచ్చే సీసాల్లో ఎన్నో ఆలస్యంగా వస్తాయి. ఒక ఆసుపత్రి నుంచి ఆపరేషన్ ద్వారా ప్రసవమైన ఒక తల్లి నమూనా వచ్చింది. కాగితం మీద రాసిన వివరాల ప్రకారం జ్వరం మొదలై నాలుగో రోజు. అప్పటికే రెండు యాంటీబయాటిక్‌లు నడుస్తున్నాయి, మూడోది ఆ ఉదయమే మొదలైంది. సీసాలో రక్తం కూడా తక్కువే. అయిదు రోజులు ఉంచాం, ఏమీ పెరగలేదు. ‘పెరుగుదల లేదు’ అని రిపోర్టు ఇచ్చాను. దానికి అర్థం క్రిమి లేదని కాదు. మందు వల్ల సీసాలో పెరగలేకపోయి ఉండవచ్చు. ఇక ఆ తల్లికి ఏ మందు కొనసాగించాలో, ఏది ఆపాలో ఎవరికీ తెలియదు కాబట్టి మూడూ కొనసాగుతాయి. ఆమె కోలుకుని ఇంటికి వెళ్లిందని తర్వాత విన్నాను, సంతోషం. ఏ మందు వల్ల కోలుకుందో మాత్రం తెలియలేదు. 1936లో కోల్‌బ్రుక్ వార్డులో దొరికిన జవాబు ఇప్పుడు మా దగ్గర దొరకలేదు.

దీనికి వైద్యులు చెప్పే జవాబు నాకు తెలుసు, అది తేలిగ్గా తీసేసేదీ కాదు. రోగి రక్తపోటు పడిపోతుంటే కల్చర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా? అక్కర్లేదు. అలాంటి రోగికి గంటలోపే మందు పడాలి, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. నేను అడిగేది ఫలితం వచ్చేదాకా ఆగమని కాదు. రక్తం తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలు. సీసాలు ఎమర్జెన్సీ గదిలోనే ఉంటే, నర్సులకు నేర్పి ఉంటే, మందు ఎక్కించే సూది గుచ్చే సమయంలోనే ఆ పనీ అయిపోతుంది. తీసిన వెంటనే మందు మొదలుపెట్టండి. రెండు రోజుల తర్వాత మా ఫోను వచ్చినప్పుడు అనవసరమైనది ఆపండి, సరిపోనిది మార్చండి.

రోగి బంధువులు ఖర్చు గురించి అడుగుతారు, న్యాయమే. ఖరీదైన యాంటీబయాటిక్ ఒకటి రెండు రోజులు అనవసరంగా నడిస్తే అయ్యే ఖర్చుతో కల్చర్ పరీక్ష అయిపోతుంది. చిన్న పట్టణాల్లో ల్యాబు లేదనే మాట మాత్రం నిజం, అక్కడే ప్రభుత్వం మీద ఒత్తిడి తేవాలి. 2014లో షెడ్యూలు హెచ్1 కింద కొన్ని యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన పెట్టారు, 2016లో మందుపట్టీల మీద, డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని తెలిపే ఎర్రగీత గురించి ప్రచారం చేశారు. రెండూ మంచివే. కానీ అమ్మకాన్ని అదుపు చేసినంత మాత్రాన ఏ మందు ఇవ్వాలో తెలియదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ, ప్రసవాలు జరిగే ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ రోజంతా పనిచేసే కల్చర్ ల్యాబు ఉండాలి. ఏ వార్డులో ఏ క్రిమి దొరికింది, ఏ మందుకు లొంగింది, ఎంతమంది కోలుకున్నారు అన్న లెక్క ఏటా ప్రకటించాలి. లండన్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సల్ఫా రాకముందే చేసిన పని ఇది.

మీవారెవరినైనా తీవ్రమైన జ్వరంతో ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ముఖ్యంగా బాలింతనో పసిబిడ్డనో అయితే, మొదటి యాంటీబయాటిక్ సీసా వేలాడదీసే ముందు ఒక్క మాట అడగండి: ‘డాక్టరుగారూ, కల్చర్‌కు రక్తం తీశారా?’ అడిగినందుకు మంచి వైద్యులెవరూ నొచ్చుకోరు. రెండు రోజుల తర్వాత మళ్లీ అడగండి, రిపోర్టు ఏమొచ్చిందని, దాన్నిబట్టి మందు ఏమైనా మార్చారా అని.